నువ్వు కథ చెప్పిన యుద్ధం క్యాసెట్

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. అరుదైన సినిమాలు దాచుకునే ఒకాయన ఇవాళ కోదాడ నుంచి మనింటికి వచ్చాడు. సూర్యాపేటలో నువ్వు వీడియోలో సినిమాలు ఆడించిన రోజుల్లోని ఆ విదేశీ యుద్ధం సినిమా కావాలట. చనిపోయిన సైనికుడు దయ్యమై తల్లి దగ్గరికి వస్తాడే, అది.

"ఇంకెక్కడా దొరకదమ్మా. కాపీ తీసుకుని రేపే తెచ్చిస్తాను" అన్నాడు.

ఎక్కడా దొరకనిదాన్ని తిరిగి ఎందుకు తెస్తాడు? ఇక్కడే చూడమని క్యాసెట్ పెట్టాను.

బొమ్మతో పాటే నీ గొంతు వచ్చింది. ఆ భాష తెలియని మనవాళ్ల కోసం నువ్వు తెలుగులో చెప్పి క్యాసెట్‌లోకి ఎక్కించిన కథ. సైనికుడు తల్లిని చూడగానే నువ్వన్నావు: "అమ్మా, నేనొచ్చిన. జర బువ్వ పెట్టు."

బొమ్మ కింద ఇంగ్లీషులో "నా కోసం ఎదురుచూడకు" అని ఉంది. నీకు చదువు రాదు, మొహాలు చూసి చెప్పావు.

"ఈ వాగుడు చెరిపేస్తే మంచి క్యాసెట్" అన్నాడాయన.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "ఎవరయ్యా నువ్వు? నా కొడుకు మాట్లాడుతుండు, జర ఆగు."

ఆయన్ని వట్టి చేతులతో పంపేశాను.

కింద ఏం రాసి ఉందని అమ్మ అడిగింది. నువ్వు చెప్పిందే రాసి ఉందన్నాను.

నీ చెల్లి