నాకు కనబడని నా వీపు

కంబదూరులో ఉండే గౌస్‌బీ అను నేను, డెబ్బై రెండేళ్లదానిని, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టపూర్తిగా చెప్పి రాయిస్తున్న వీలునామా. రెండేళ్ల కిందట మిద్దె మీద నుంచి పడినప్పటి నుంచి నాకు నడుము కింద స్పర్శ లేదు. బుద్ధికి ఏ లోపమూ లేదు. అది కొంచెం ఎక్కువే ఉందని నా కొడుకు దాదాపీర్ అంటాడు. రాస్తున్నది నా తమ్ముడి కొడుకు అతావుల్లా. దీనిని అమలు జరిపే బాధ్యతా అతనిదే.

1. బొరుగులమ్మి కట్టుకున్న మూడు గదుల ఇల్లు నా స్వార్జితం. మా ధర్మం ప్రకారం మూడో వంతుకు మించి రాసే హక్కు నాకు లేదు. రెండు గదులు వారసుడైన దాదాపీర్‌కు ఎలాగూ చేరతాయి. వీధి గదిలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టాలని అతని ఆశ. కోడలు షాహిస్తా కుట్టు మిషను ఉన్నది ఆ గదిలోనే.

2. సదరు వీధి గది షాహిస్తాకు చెందాలి, ఒక షరతు మీద. మంచంలోనే ఉండి ఉండి నా వీపు కింది భాగాన పుండు పడింది. అది మానిందని షాహిస్తా అంటుంది. రెండు గంటలకొకసారి నన్ను పక్కకు తిప్పి, గోడ మీది చార్టులో టిక్కు పెడుతుంది. టిక్కు ఎవరైనా పెట్టగలరు. ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. ఆ వీపు నాదేనని నమ్మకం ఏమిటి? ఫిజియోథెరపీకి వచ్చే జాయ్ కూడా మానిందనే అంటుంది. జాయ్‌కు టీ ఇచ్చేది షాహిస్తానే.

3. కాబట్టి నేను పోయాక నాకు గుస్ల్ స్నానం చేయించే ఫిర్దోస్ చూడాలి. ఆ పని చేసేవాళ్లు చూసిన చెడును బయట పెట్టకూడదు, మంచి చెప్పవచ్చు. ఫిర్దోస్ బయటికి వచ్చి "ఒళ్లు శుభ్రంగా ఉండాది" అంటే గది షాహిస్తాది. ఏమీ అనకపోతే దాదాపీర్‌ది. ఫిర్దోస్‌కూ నాకూ పదకొండేళ్లుగా మాటల్లేవు. బిర్యానీ వండే నా పెద్ద డేక్సా తీసుకుపోయి సొట్టతో తిరిగిచ్చింది. నా మీద ప్రేమ లేదు కనుక నా ఇంటివాళ్ల కోసం అబద్ధం చెప్పదు.

4. జాయ్‌కు నా ఎర్ర రగ్గు. ఎర్రబడిన చోట నేను షాహిస్తా చేత నూనె రుద్దిస్తుంటే, రుద్దితే చర్మం ఇంకా చెడుతుందని సీసా లాక్కున్న పిల్ల. ఆ రోజు తిట్టాను. తప్పు నాదే.

ఇంతవరకు రాయిస్తున్నప్పుడు షాహిస్తా వీధి గదిలో మిషను ఆపి విన్నది. అది నేను గమనించాను.

5. ఆరు రోజుల తర్వాత ఇది చేరుస్తున్నాను. మొన్న బుధవారం షాహిస్తా నా మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. "అత్తా, పాతది మానినాది. తుంటి ఎనక కొత్తది లేస్తాండాది. నిన్న బట్టలియ్యల్లని కుట్టుకుంటా రెండు మార్లు నిన్ను తిప్పలేదు. తప్పు నాదే" అన్నది. చార్టులో ఆ రెండు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి. అదే రోజు దాదాపీర్ గడప దగ్గరే నిలబడి, "అంతా బాగుండాది లేమ్మా" అని వెళ్లిపోయాడు.

ఇందులో ఏమైనా ఎత్తు ఉందేమోనని రెండు రోజులు ఆలోచించాను. ఏమీ దొరకలేదు. గది పోతుందని తెలిసీ చెప్పింది. నాకు సిగ్గేసింది.

కనుక షరతు రద్దు. వీధి గది షాహిస్తాదే. చివరి రోజుల్లో ఎంత చూసుకున్నా చర్మం చిట్లవచ్చని జాయ్ చెప్పింది. ఫిర్దోస్ ఏం చూసినా నోరు విప్పనక్కరలేదు. రెండూ మూడూ కొట్టేస్తానని అతావుల్లా అన్నాడు. వద్దన్నాను. అనుమానపడింది నేనే, ఆ మాటలు కూడా ఉండనీ.

6. డేక్సా ఫిర్దోస్‌కు, సొట్టతో సహా.

7. గుస్ల్ వేళ షాహిస్తా లోపల ఉండాలి. నన్ను పక్కకు తిప్పడం ఆమెకే తెలుసు.

కంబదూరు, 22 ఆగస్టు 2025, శుక్రవారం.

(సంతకం) గౌస్‌బీ

సాక్షులు:
హనుమంతప్ప, పక్కింటివారు
ఓబిలేష్, ఎదురింటివారు