చాక్లెట్ ముట్టనని ఒట్టు

పుయెబ్లా, కన్యాస్త్రీల మఠం
1752 మార్చి 14

అత్లిక్స్కోలో ఉన్న దోన్యా బ్రిహిదా గారికి,

దేవమాత మిమ్మల్నీ మీ బిడ్డలనూ చల్లగా చూడాలని రోజూ వేడుకునే సహోదరి హెర్త్రూదిస్ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. మీరు క్షేమమా అని అడగడానికి నాకు నోరు రావడం లేదు. మీ చెల్లెలు పోయి ఇంకా మూడు వారాలు కాలేదు.

మీ ఉత్తరం నిన్న అందింది. మీరు అడిగింది ఒకటే మాట. మఠంలో కన్నుమూసిన ప్రతి కన్యాస్త్రీకీ తల మీద పూల కిరీటం పెట్టి సాగనంపుతారు కదా, మా ఎవులాలియాకు ఎందుకు పెట్టలేదు, అది చేసిన పాపమేమిటి అని. ఇక్కడ రోగులను చూసుకునేది నేనే గనుక, జవాబు రాయమని ఈ మఠానికి పెద్ద అయిన మా పెద్దతల్లి మరియానా గారు నాకే చెప్పారు.

ఈ మఠంలో చేరిన రోజున మేము వేసే ఒట్లలో ఒకటి మీకు తెలిసిందే, బతికినన్నాళ్ళూ చాక్లెట్ ముట్టబోమని. ఊళ్ళో మిగతా మఠాల వాళ్ళు పొద్దునా సాయంత్రం గిన్నెలకు గిన్నెలు తాగుతారు. మా పెద్దలకు అది గిట్టలేదు. మీ ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ ఒట్టు ఎంత బరువో నేను చెప్పాలా? అమ్మ సన్నికల్లు మీద కోకో గింజలు నూరుతుంటే ఆ వాసనకే మెలకువ వచ్చేదని ఎవులాలియా అనేది. పదకొండేళ్ళు ఒక్క చుక్క ముట్టలేదు.

జనవరిలో జ్వరం పట్టుకుంది. ఉపవాసాలు మొదలయ్యేసరికి జావ కూడా ఇమడటం లేదు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, అక్క కలిపే చాక్లెట్ ఒక్క గుక్క పడితే లేచి కూర్చుంటానే అంది. అన్న వెంటనే సిలువ గుర్తు వేసుకుని గోడవైపు తిరిగిపోయింది.

మా వంటింట్లో పెట్రోనా అని చొలూలా పల్లె మనిషి ఉండేది. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే పని. ఒట్టు మాకే గాని పనివాళ్ళకు లేదు కాబట్టి, గేటు పక్క తన గదిలో తనకు కావలసింది తాను కాచుకునేది. పని ఎంత చక్కగా చేసేదో, నోరు అంత దురుసు. ఒకసారి కవ్వంతో నురగ తీస్తూ నాతో అంది కదా, మా అమ్మమ్మలు మిరపకాయ నూరి వేసుకుని చేదుగా తాగేవాళ్ళు తల్లీ, అప్పుడు ఎవరికీ పట్టలేదు, మీ తాతలు ఓడ దిగి చక్కెరా దాల్చినచెక్కా వేసి కమ్మగా చేసుకున్నారు, కమ్మగా అయ్యాక పాపమన్నారు, చేసిందీ మీరే చెడ్డదన్నదీ మీరే అని. నాకు నవ్వు వచ్చింది. నవ్వినందుకు ఆ వారం గురువుగారి ముందు పాపసంకీర్తనంలో ఒప్పుకున్నాను కూడా.

ఒక గురువారం మధ్యాహ్నం, అందరూ కునుకు తీసే వేళ, మీ చెల్లెలు చాక్లెట్ తాగింది. పొద్దు వాలకముందే దుప్పటి మీద మరక పెద్దతల్లి గారి కంట పడింది. అడుగుదామంటే ఎవులాలియాకు అప్పటికే స్పృహ లేదు. మర్నాడు పొద్దున్నే పోయింది.

పెద్దతల్లి గారు మమ్మల్నందరినీ వంటింట్లో నిలబెట్టి ఎవరిచ్చారని అడిగారు. ఎవరం మాట్లాడలేదు. పెట్రోనా చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. నేనే ఇచ్చానమ్మా, మీ ఒట్టు నాకు లేదుగా, చావబోయే మనిషి నోరు తెరిచి అడిగితే కాదనడం మా ఊళ్ళో లేదు అంది. ఆ సాయంత్రమే మూట సర్దుకుని గేటు దాటింది. తన సన్నికల్లు మోయలేక ఇక్కడే వదిలేసింది.

ఒట్టు తప్పి, పాపసంకీర్తనం చేసుకోకుండా పోయిన మనిషికి కిరీటం తగదని పెద్దతల్లి గారు తేల్చారు. అప్పటికే కోసి ఉంచిన పూలు బలిపీఠానికి వెళ్ళాయి. ఆవిడ రాతిగుండె మనిషి కాదు. ఆ పూలను ఎవరి చేతికీ ఇవ్వకుండా ఆవిడే మోసుకెళ్ళారు.

ఒక్కటి అడుగుతాను, కాదనకండి. మఠం వెళ్ళగొట్టిన మనిషిని ఈ ఊళ్ళో ఎవరూ గడప తొక్కనివ్వడం లేదు. పెట్రోనాను మీ ఇంట్లో పెట్టుకోండి. మీ చెల్లెలికి కీడు చేసిన మనిషికి నేనెందుకు తిండి పెట్టాలి అని మీకు అనిపించవచ్చు. అయినా పెట్టుకోండి.

మీ దుఃఖంలో పాలుపంచుకునే
సహోదరి హెర్త్రూదిస్

తా.క. సంతకం పెట్టాక లేవలేకపోయాను. ఆ మధ్యాహ్నం పెట్రోనా చాకిరేవు దగ్గర ఉంది. ఆమె పొయ్యి మీది గిన్నె తీసుకెళ్ళింది నేను. పెదవుల దాకా తెచ్చినా ఎవులాలియా తాగలేదు. పెద్దతల్లి గారు సరేనన్నారా అని అడిగింది. అన్నారు, తాగు అన్నాను. అప్పుడు తాగింది. నాలుగు గుక్కలు పట్టి, దాల్చినచెక్క ఎక్కువైంది, మా అక్క ఇంత వెయ్యదు అంది. మీ చెల్లెలు ఒట్టు తప్పలేదు. అబద్ధం చెప్పి తాగించింది నేను. మిగిలిన సగం పారబొయ్యబోయి, నేను తాగేశాను. దానికి జాలి అని పేరు పెట్టలేను. వంటింట్లో నా నాలుక కదలనిది అందుకే. ఖాళీ గిన్నె చూసినప్పుడే పెట్రోనాకు అంతా తెలిసి ఉండాలి, అయినా నావైపు చూడనైనా చూడలేదు.

మేము ఉత్తరాలకు ముద్ర వెయ్యకూడదు. పెద్దతల్లి గారు చదివాకే గేటు దాటుతాయి. దీన్ని ఇప్పుడే తీసుకెళ్ళి ఆవిడ చేతికి ఇస్తాను. ఇది మీకు అందిందంటే ఆవిడ చదివారన్న మాట. అప్పుడు మళ్ళీ ఒక ఉత్తరం రాయండి. ఎవులాలియా కిరీటం అడగండి, సమాధి మీదైనా పెట్టమనండి.