నీళ్లలో పెట్టిన చెయ్యి

నౌపడ,
ఆదివారం.

మేనేజరు నరసింగరావు గారికి నమస్కారాలు.

ఎమ్మెస్సీ సీటుకు సిఫారసు ఉత్తరం అడిగితే, "నువ్వే రాసి తెచ్చీ, సంతకం ఎట్టేస్తాను" అన్నారు. కాలేజీ వాళ్ల సిఫారసు ఫారంలో అన్నీ రాశాను గానీ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అభ్యర్థి ఎప్పుడైనా పొరపడ్డారా, తర్వాత ఏం చేశారు అని అందులో అడిగారు.

ఏప్రిల్లో నేను ఉప్పు మడిలో నీటి చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు ముంచి, ఉప్పు కట్టడానికి ఇంకా మూడు రోజులు పడుతుందన్నాను. మీరు నీళ్లలో చెయ్యి పెట్టి, "రేపు తెల్లారికి కట్టేస్తాది, సూడు" అన్నారు. కట్టేసింది.

అప్పటి నుంచి డ్యూటీకి గంట ముందే వచ్చి మడులన్నీ కొలుస్తున్నాను. గాలిని బట్టి చెబుతున్నారేమో అనుకున్నాను. గాలి లేని రోజు కూడా మీ మాటే నిజమైంది. నిన్న మీరు అటు వెళ్లాక నేనూ చెయ్యి ముంచి చూశాను. తడి తప్ప ఏమీ తెలియలేదు.

ఇదంతా నేనే రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. అందుకే ఆ జవాబు ఖాళీగా వదిలాను. మీరే రాయండి, తెలుగులోనైనా సరే.

దాని కింద పెన్సిలుతో నాలుగు గీతలు గీశాను. అవి ఫారంలోవి కావు. మీ చేతికి ఏం తెలుస్తుందో అక్కడ రాయండి. సీటు రాకపోయినా అది నాకు కావాలి.

ఇట్లు,
మీ ల్యాబు అసిస్టెంటు