రిజిస్టరులో నీ పేరే రాయించు

ప్రభువునందు ప్రియమైన అన్నకు, వదినకు తమ్ముడు రత్నం, సుగుణ చేసే వందనాలు. మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నువ్వు కళ్ళద్దాలు మార్పించావా, ఇంకా ఆ విరిగినవాటికే దారం చుట్టుకుని బడికి పోతున్నావా? ప్రభాకర్ బాగున్నాడా? వాడి గురించే ఈ ఉత్తరం. జవాబు నెల ఆలస్యమైంది, కోప్పడకు.

నంద్యాల వదిలి ఈ పల్లెకు వచ్చి మూడు నెలలైంది. ఆళ్ళగడ్డలో బస్సు దిగి నల్లరేగడిలో అయిదు మైళ్ళు నడవాలి. వాన పడితే చెప్పులు చేతిలోకి వస్తాయి. నీళ్ళు ఉప్పన, మనుషులు మాత్రం మంచివాళ్ళు. సంఘానికి కొత్త ఉపదేశి వచ్చాడని రోజూ ఎవరో ఒకరు జొన్నరొట్టెలు తెచ్చిస్తారు. తిండికి లోటు లేదు, దిగులు పడకండి.

వచ్చిన రోజే ఒక పెద్దామె, "మీకు పిల్లోళ్ళు ఎంతమందప్పా?" అని అడిగింది. సుగుణ "ఇద్దరు" అంది. అదే క్షణంలో నేను "లేరు" అన్నాను. ఆమె మా ముఖాలు చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది.

ఏం చెప్పాలన్నా? మా పెద్దవాడు దినకర్‌ను పోయిన వానాకాలం కామెర్లు తీసుకుపోయాయి. ప్రభాకర్‌ను పద్నాలుగు నెలలప్పుడే మీ చేతుల్లో పెట్టాం. అప్పటికి మీ పెళ్ళయి పదేళ్ళు, ఇల్లు బోసిగా ఉండేది. మాకు ఇద్దరున్నారు కదా అనుకున్నాం. తండ్రి తన కుమారుణ్ణి లోకానికి ఇచ్చాడని ప్రసంగాలు చెప్పేవాణ్ణి, నేనూ ఇచ్చానని లోపల గర్వం కూడా ఉండేది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. దినకర్ సమాధి దగ్గర ప్రభాకర్ నా భుజం పట్టుకుని, "ఏడ్వాకు చిన్నాయనా" అన్నాడు. ఆ మాటకు నా ఏడుపు ఇంకా ఎక్కువైంది. పాపం, వాడు బెదిరిపోయాడు.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. బిషప్పుగారు వచ్చి పిల్లల తల మీద చెయ్యి పెట్టే నిర్ధారణ ఆరాధనకు ముందే వాడికి నిజం చెప్పేస్తానన్నావు. చర్చి రిజిస్టరులో తండ్రి పేరు నాదే రాయించి, వాణ్ణి మా దగ్గరికి పంపిస్తానన్నావు. అంత మాట ఎవరంటారన్నా ఈ కాలంలో? కానీ వదిన ఎప్పుడూ నీ ఉత్తరం చివర రెండు వరుసలు రాస్తుంది. ఈసారి అక్కడ కాగితం ఖాళీగా ఉంది. నేను చూశాను.

సుగుణ మాత్రం వెంటనే బయలుదేరదామంది. "మన కొడుకును మనం తెచ్చుకుంటే తప్పేందీ? దేవుడు గూడా ఇచ్చిన కొడుకును మూడో దినానికే తెచ్చుకున్యాడు గదా! మనం పదమూడేండ్లు ఓర్సుకున్యాం" అంది. నిజం చెప్పాలంటే, నాకూ వాడు కావాలనే ఉంది. సంచి కూడా సర్దుకున్నాను.

వెళ్ళేముందు బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళకు ఒక పాఠం మిగిలింది. దేవునికి కుమారుడు ఒక్కడే, మనమంతా ఆయన పెంచుకున్న బిడ్డలం, అయినా ఆయన ఇంట్లో మనకు ఏ తక్కువా లేదు అని చెబుతున్నాను. శనగచేలకు కూలికి పోయే ఎల్లమ్మ వెనక నుంచి లేచింది. నా వయసు ఉంటుంది.

"అయ్యా, నన్ను చిన్నప్పుడు మా మేనత్త పెంచుకునింది. నాలుగేండ్లకు ఆమెకు బిడ్డ పుట్న్యాక నన్ను తెచ్చి మా ఇంటికాడ ఇడిసిపెట్టి పాయ. మా అమ్మే గదా, నాకు ఆమె కొత్తగా ఉండె. శానా దినాలు వాకిట్లోనే కూసుంటి. దేవుడు గూడా అట్ల చేస్తాడా? తీసుకున్యాక మళ్ళా పంపిచ్చేస్తాడా?"

"లేదమ్మా, పంపడు" అన్నాను.

పాఠం అక్కడితో ఆపి ఇంటికొచ్చి సంచి విప్పేశాను. మీ వాకిట్లో పెరిగిన పిల్లవాడు నా వాకిట్లో కొత్తవాడిలా కూర్చోవడం కళ్ళకు కట్టింది. పెంచుకోవడం నిజం కాకపోతే నేను ఇన్నాళ్ళూ చెప్పిందంతా అబద్ధం. నిజమైతే, అన్నా, వాడు నీ కొడుకు. నేను చిన్నాయనను. ఈ మాట రాయడానికే నెల పట్టింది.

రిజిస్టరులో నీ పేరే రాయించు. వాడికి నిజం చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో నువ్వే తేల్చు, తండ్రివి నువ్వు. ఏమాట కామాటే, నా గుండె పగిలిపోయింది. బాగున్నానని రాసింది ఒంటి సంగతి మాత్రమే. నువ్వు బాధపడతావని దాచడం నాకు చేతకాలేదు.

సుగుణ రెండు రోజులు తన సంచి విప్పలేదు. మూడో రోజు పెట్టెలోంచి దినకర్ చొక్కా తీసి, పక్కింటి హుసేన్‌బీ మిషను మీద దాని కొలతకు తెల్ల చొక్కా కుట్టింది. నంద్యాలకు వస్తున్న పాస్టరు అయ్యగారి చేతికి ఈ ఉత్తరం, ఆ చొక్కా ఇచ్చి పంపుతున్నాను. నిర్ధారణ రోజు వాడికి అదే వేయండి. మేము వచ్చి వెనక వరుసలో కూర్చుంటాం. మా కోసం ప్రార్థించండి, ముఖ్యంగా ఆమె కోసం. వదినను ఈసారి రెండు వరుసలు రాయమను. సంఘంలో పెద్దలందరికీ మా వందనాలు.

చేతులు పొట్టయితే వదినను మడత విప్పమను, లోపల గుడ్డ వదిలిపెట్టింది. ఎవరు కుట్టారని వాడడిగితే, చిన్నమ్మ కుట్టిందని చెప్పండి. అలా రాయమన్నది సుగుణే.

మీ దీవెనలు కోరే
తమ్ముడు రత్నం