నేల తాగిన చిచా

చిరంజీవి ఎఫ్రాయిన్‌ను అమ్మ దీవించి రాయడమేమంటే,

ఇక్కడ మేమూ, మన లామాల మందా క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు. ఈమధ్య నువ్వు ఏం రాసినా రెండుసార్లు చదివితే గానీ నమ్మబుద్ధి కావడం లేదు నాయనా.

ఫోను చెయ్యవచ్చుగా అన్నావు. ఆ టవరు వేయించింది గని కంపెనీ వాళ్ళు. మన మాటలు ఇంకెవరి చెవిన పడతాయో ఎవరికి తెలుసు? నీ చెల్లెలు నెలిడాకు వేవిళ్ళు తగ్గాయా అని అడిగావు. తగ్గాయి. బంగాళాదుంపలూ, జున్నూ బాగానే తింటోంది. తాగేది మాత్రం గనికి దిగువన ఉన్న ఆ ఊటనీళ్ళే. మనకు వేరే నీళ్ళెక్కడివి?

మీ గనుల శాఖ వాళ్ళతో ఊరికి వచ్చిన రోజు నువ్వు శాఖ కోటు వేసుకుని, "ఊటనీళ్ళు పరీక్ష చేశాం, శుభ్రంగా ఉన్నాయి, నిశ్చింతగా తాగండి" అన్నావు. నా కొడుకేనా అని మురిసిపోయాను. ఇంటికొచ్చాక ఆ నీళ్ళతో చేసిన మొక్కజొన్న చిచా గ్లాసు నీ చేతికిచ్చాను. భూమాతకు నాలుగు చుక్కలు ఒంపి మిగతాది తాగడం మన ఆచారం. నువ్వు గ్లాసంతా ఒంపేశావు.

"అదేంట్రా, ఇవాళ భూమాతకి అంత దాహమేసిందా?" అన్నాను.

"పొద్దున్నుంచీ కడుపులో బాలేదమ్మా."

మరి మీ ఇంజనీరుకేమైంది? డ్రైవరుకేమైంది? ముగ్గురికీ ఒకేసారి కడుపు చెడిందా? జీపులో తెచ్చుకున్న సీసానీళ్ళు తప్ప మీరెవరూ ఏమీ ముట్టలేదు.

గనిని పెంచడానికి ఊరు ఎందుకు ఒప్పుకోలేదని అడిగావు. దానివల్ల నీ ఉద్యోగం మీదకు వచ్చిందనీ, ఊరివాళ్ళ మనసు ఎవరు విరిచారో కనుక్కోమనీ రాశావు. కనుక్కోవడానికేముంది, నేనే.

ఊరి సభలో పెద్ద తెయోఫిలో అందరి ముందూ, "ఏం రుఫీనా, నీ కొడుకు మాట నమ్మొచ్చంటావా?" అని అడిగాడు.

"మావాడు తాగలేదు," అన్నాను. అంతే. ఆ తరవాత గని పెంపుకు సరేనంటూ ఒక్క చెయ్యి లేవలేదు.

నిన్ను పదిమందిలో పలచన చేశాను. తిట్టు, పడతాను. నీ ఉద్యోగం పోవాలని ఏ తల్లీ కోరుకోదు. కానీ నెలిడా పొద్దున్నే బకెట్ పట్టుకుని ఊటకు బయలుదేరుతుంటే ఆపలేక, పంపలేక చస్తున్నాను. శాఖ ఏమంటుందో నాకొద్దు. అది తాగవచ్చా, తాగకూడదా? అన్నగా ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నీమీద ఇంకా ఆశ చావని అమ్మ,
రుఫీనా