ముప్పై ఒకటవ మందు, బావగారి కాలు

అక్కయ్యకు నమస్కారములు. కార్డుపై ముందు క్షేమము, పిదప సంగతి, చివర ఉత్తర్వులు రాయవలెనన్న పద్ధతి ననుసరించి, నేను క్షేమమని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

మా ప్రయోగశాలలో తయారైన ముప్పై కొత్త మందులకూ లొంగని సూక్ష్మజీవులు గాజుపళ్లెం నిండా మీగడలా పరుచుకునేవి. నిన్న ముప్పై ఒకటవ మందు చుక్క చుట్టూ, చొక్కా గుండీ అంత మేర, తుడిచినట్టు ఒక్కటీ మిగలలేదు. మా పెద్ద మేడం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, "నిజమేనటయ్యా?" అన్నారు. నా రక్తమే తీసి ఆ మందులో కలిపి చూశాము. ఒక్క కణమూ పగలలేదు. అంతటి మొండి క్రిములను చంపినది నా రక్తాన్ని మాత్రం ముట్టకుండా ఊరుకుంది!

"బావ కాలి పుండుకి చిటికెడు పొట్లం కట్టి పంపరా" అని రాశావు. వీలుకాదు. ఇంకా ఎలుకల ఆమోదం రాలేదు. తగ్గిందని మాత్రలు మధ్యలో మానేసిన ఆ మహానుభావుణ్ణి కార్డు అందిన రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లు. వాపు మోకాలి దాకా వచ్చిందా? వెంటనే రాయి. పిల్లలకు ఆశీస్సులు.

పుండు చూడవచ్చి చిట్కాలు చెప్పు బంధువులు వాటిని ముందుగా తమ కాలిపై పరీక్షించుకొని రావలెను. ఇదే తుది నిబంధన.