నా జబ్బు నాకు చెప్పని ఆసుపత్రి మీద

నా కేన్సరు తిరగబెట్టిందని తమ ఆసుపత్రి డాక్టరుగారు మా నాన్నకు చెప్పారు, నాకు చెప్పలేదు. ఇక వైద్యం వద్దని నా బదులు మా నాన్న అంటే, సరేనని ఊరుకున్నారు.

విషయం: తిరగబెట్టిన రక్త కేన్సరుకు నా వైద్యం వెంటనే మొదలుపెట్టవలసిందిగా సూపరింటెండెంటు గారికి ఒక లిఫ్టు మెకానిక్ అర్జీ.

1. తమ వార్డులోనే పెద్ద కీమో చేయించుకున్నాను. నోరంతా పుండ్లు పడి మంచినీళ్లు కూడా గాజుపెంకుల్లా దిగేవి. అయినా మానలేదు. తగ్గిందన్నారు, పనిలోకి వెళ్లాను.

2. పోయిన నెల పరీక్షకు వస్తే డాక్టరుగారు నన్ను బయట కూర్చోబెట్టి మా నాన్నను లోపలికి పిలిచారు. తర్వాత నాతో, "రక్తం కొంచెం తక్కువుంది బాబూ, బలం మాత్రలు వాడు" అన్నారు. నమ్మాను.

3. ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ మంచివాళ్లైపోయారు. బండి మీద చెయ్యి వేస్తే కసిరే అన్నయ్య తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. అక్కను నిలదీశాను. గిన్నెలు తోముతూ, ఇటు తిరగకుండానే చెప్పింది.

"తిరగబెట్టిందిరా. ఇంకో రకం మందులిచ్చి, జబ్బు అణిగితే నా ఎముకల్లో మూలుగ తీసి నీకెక్కించి చూడొచ్చన్నారంట. వాడు మళ్లీ ఆ నరకం పడలేడని నాన్నే వద్దన్నాడు."

ఆమె మూలుగ నాకు సరిపడుతుందో లేదో చూశారా అని అడిగాను.

"నన్నెవరు పిలిచార్రా" అంది.

4. మా నాన్నది ప్రేమే, కాదనను. ఆయనతో గొడవ ఇంట్లో తేల్చుకుంటాను. కానీ పాతికేళ్లవాణ్ణి, నోరున్నవాణ్ణి, గుమ్మం అవతలే కూర్చున్నాను. ఒక్క మాట అడగడానికి డాక్టరుగారికి ఏం అడ్డొచ్చింది? లిఫ్టు తాడు అరిగితే మేము ఎక్కేవాళ్లకే చెప్తాం.

5. రెండోసారి వైద్యం పనిచేస్తుందని ఎవరూ రాసివ్వరని నాకూ తెలుసు. నరకం పడేది నేను, పోతే పోయేదీ నేనే. పడగలనో లేదో నేను చెప్పాలి. పడతాను. మాత్రలు మింగుతూ పోగొట్టుకున్న నెల మాత్రం తమరు తిరిగివ్వలేరు.

'దయతలచి' అని రాయమన్నాడు పక్కింటి గుమాస్తా బాబాయ్. రాయను. డాక్టరుగారు నన్నే ఎదురుగా కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్కకు పరీక్ష చేయాలి. కొత్త మందులు ఎప్పుడు మొదలుపెడతారో తేదీ ఇవ్వాలి.

ఆసాంతం చదివి మరీ చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇంకా బతికున్నవాడు

జవాబు ఈ శుక్రవారం ఓపీ మూసేలోగా రావాలి. నా చేతికి రావాలి.